కాలూ చెయ్యీ బాగానే ఉన్నాయిగా!

పోయినేడాది హైదరాబాదులో ఒక పుస్తకావిష్కరణ అయ్యాక, హాలు బయట టీ తాగుతూ మా అన్నయ్య సంగతి చెప్పాను. తలకి దెబ్బ తగిలిందనీ, ఏడాదిన్నర తర్వాత ఒక సైకాలజిస్టు దగ్గర రెండు పూటలు కూచోబెట్టి పరీక్షలు చేయించామనీ, ఆ పనేదో మొదట్లోనే చేయించి ఉంటే ఇల్లు ఇంత చితికేది కాదనీ. పక్కనున్న కవిమిత్రుడు కప్పు కింద పెట్టి, "మెదడుకి మార్కులేంటండీ? మనిషిని అంకెల్లోకి కుదించడం కదా ఇది" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు తలలూపారు. ఆ క్షణాన నాకు జవాబు తట్టలేదు. ఏలూరులో రైలు దిగేదాకా ఆ మాటే నమిలాను. ఇది ఆ జవాబు. కాస్త ఆలస్యంగా, కాస్త కోపంగా.

అన్నయ్యంటే మా పెదనాన్నగారబ్బాయి. కైకలూరు వైపు చేపల చెరువుల మీద గుమాస్తా. చదివింది పదో తరగతి. ఏ చెరువుకి ఎన్ని బస్తాల తవుడు, ఎంత చెక్క, ఏ కూలీకి ఎంత అడ్వాన్సు, పట్టుబడి ఎప్పుడు, అన్నీ నోటిలెక్కే. కొల్లేటి చెరువుల్లో మేతని సంచుల్లో నింపి, సంచికి చిల్లులు పొడిచి, నీళ్ళలో పాతిన కర్రలకి కడతారు. చేపలు వచ్చి ఆ చిల్లుల్లోంచి తింటాయి. తక్కువ కడితే ఎదగవు. ఎక్కువ కడితే మిగిలింది కుళ్ళి, నీళ్ళలో ఆక్సిజన్ పడిపోయి, తెల్లారుజామున చేపలు పైకి తేలి నోళ్ళు తెరుస్తాయి. అంటే గుమాస్తా జ్ఞాపకం మీద చెరువు బతుకుతుంది.

ఒక రాత్రి ఆకివీడు నించి వస్తూ బండి మీంచి పడ్డాడు. హెల్మెట్ లేదు. తొమ్మిది రోజులు ఆస్పత్రిలో ఉన్నాడు. గడ్డ చిన్నదే, ఆపరేషన్ అక్కర్లేదన్నారు. పంపించే రోజు డాక్టరు పేరడిగాడు, ఊరడిగాడు, చెయ్యి పైకెత్తమన్నాడు. అన్నీ చేశాడు. కాగితం మీద 15కి 15 అని రాశారు. "అదృష్టవంతులు, తీసుకెళ్ళండి" అన్నారు. మేం కొల్లేటికోట వెళ్ళి పెద్దింట్లమ్మకి మొక్కు కూడా తీర్చేశాం.

మూడో నెల్లో ఒకే చెరువుకి ఒకే పొద్దున రెండుసార్లు మేత కట్టించాడు. అడిగితే "నేనెక్కడ కట్టించాను?" అని గొడవ. ఇంకో రోజు అసలు కట్టించలేదు, గట్టు మీద కుర్చీలో కూచుని నీళ్ళవైపు చూస్తున్నాడు. చిన్నమాటకి కంచం విసిరేశాడు. కానీ పదిహేనేళ్ళ కిందటి చేప ధరలు అడగండి, టకటకా చెప్తాడు. కూడికలూ తప్పవు. అందుకే ఎవరూ నమ్మలేదు. పెద్దత్త "బద్ధకం మరిగాడు" అంది. యజమాని "నాటకాలు" అన్నాడు. ఒకాయన గాలి సోకిందని తాయెత్తు కట్టించాడు. వదిన మాత్రం ఒకటే మాట అనేది: "అబ్బాయ్, ఆస్పత్రి నించి వచ్చింది మీ అన్నయ్య కాదు."

కవిమిత్రుడికి నా మొదటి జవాబు ఇక్కడుంది. మెదడుకి మార్కులు అప్పటికే వేసేశారండీ. ఆ 15కి 15 ఏమిటి? అది గ్లాస్గో కోమా స్కేలు. 1974లో గ్లాస్గోలో టీస్‌డేల్, జెన్నెట్ అనే ఇద్దరు తయారుచేశారు. కళ్ళు తెరుస్తున్నాడా, మాట్లాడుతున్నాడా, చెప్పినట్టు చెయ్యి కదుపుతున్నాడా, ఈ మూడిటికి 3 నించి 15 దాకా మార్కులు. మనిషి స్పృహ ఎంత లోతున ఉందో చెప్పడానికి అద్భుతమైన పనిముట్టు. ఎన్నో ప్రాణాలు కాపాడింది. కానీ స్పృహ ఉండటం వేరు, చెరువు నడపటం వేరు. స్పృహ కొలిచే కొలతతో బుద్ధి కొలిచేసి ఇంటికి పంపించారు. కాబట్టి అంకెలు కావాలా వద్దా అన్నది కాదు తగువు. ఏ అంకె, ఏ ప్రశ్నకి జవాబు అన్నదే తగువు.

రెండో అంకె వికలాంగుల శిబిరంలో పడింది. పింఛను మాట దేవుడెరుగు, కనీసం సర్టిఫికెట్టు ఉంటే యజమాని దగ్గర మాట చెల్లుతుందని వదిన ఆశ. వరసలో నాలుగు గంటలు నిలబడ్డాం. బల్ల దగ్గరున్నాయన అన్నయ్యని ఎగాదిగా చూసి, "కాలూ చెయ్యీ బాగానే ఉన్నాయిగా!" అన్నాడు. నిజమే, బాగానే ఉన్నాయి. ఆయన్ని తిట్టి లాభం లేదు, ఆయన ముందున్న ఫారమే అలాంటిది. 2016 వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాల్ని గుర్తించింది. పాత 1995 చట్టంలో ఏడే ఉండేవి కాబట్టి అది పెద్ద ముందడుగే. పార్కిన్సన్స్ ఉంది, మల్టిపుల్ స్క్లెరోసిస్ ఉంది, యాసిడ్ దాడి బాధితులున్నారు. తలకి దెబ్బ తగిలి వచ్చే మెదడు గాయానికి మాత్రం ఆ పేరుతో విడిగా గడి లేదు. చెయ్యి పడిపోతే కదలికల గడిలో, ప్రవర్తన మారితే మానసిక అనారోగ్యం గడిలో, ఎక్కడో ఒకచోట ఇరికించాలి. 40 శాతం దాటితేనే లెక్క. ఏ గడిలోనూ ఇమడనివాడు గట్టు మీద కుర్చీలో కూచుంటాడు.

తమాషా ఏంటంటే, మన సుప్రీంకోర్టుకి ఈ సంగతి ఎప్పుడో తెలుసు. 2010లో రాజ్‌కుమార్ వర్సెస్ అజయ్‌కుమార్ కేసులో ఒంటికి పడే శాతం వేరు, సంపాదన పోయే శాతం వేరు అని తేల్చి చెప్పింది. ఎడమచెయ్యి పోయిన డ్రైవరుకో వడ్రంగికో బతుకుతెరువు దాదాపు మొత్తం పోతుంది, గుమాస్తాకి ఉద్యోగం పోకపోవచ్చు అని ఉదాహరణ కూడా ఇచ్చింది. ఆ ఉదాహరణని తిప్పి చూడండి. రెండు చేతులూ ఉండి, కొత్త సంగతి బుర్రలో నిలవని గుమాస్తాకి ఎంత శాతం? దానికి జవాబు ఎక్స్‌రేలో ఉండదు. 2020లో ఇంకో తీర్పు వచ్చింది. పన్నెండేళ్ళ వయసులో, 2007లో, ట్రాక్టరు ప్రమాదంలో తలకి దెబ్బ తగిలిన అమ్మాయిది. ఆ పిల్ల తెలివి, నలుగురిలో మెలిగే తీరు ఏ వయసు దగ్గర ఆగిపోయాయో కొలిచి చెప్పిన పరీక్షల్ని ఆధారం చేసుకుని కోర్టు పరిహారాన్ని బాగా పెంచింది. మనిషిని అంకెల్లోకి కుదించడమా అది? ఆ అంకె లేకపోతే ఆ పిల్ల నష్టం ఎవరికీ కనపడేది కాదు.

ఇంతకీ ఈ పరీక్షల్లో ఏం చేస్తారు? పేరు నోరు తిరగనిది: న్యూరోసైకలాజికల్ అసెస్‌మెంట్. పని మాత్రం అర్థమయ్యేదే. బుద్ధి అని మనం ఒకే ముద్దగా అనుకునేదాన్ని విడదీసి చూడటం. శ్రద్ధ ఎంతసేపు నిలుస్తుంది, ఆలోచన ఎంత వేగంగా నడుస్తుంది, కొత్తది ఎంత ఎక్కుతుంది, ఎక్కింది ఎంతసేపు ఉంటుంది, పనిని వరసలో పెట్టుకోగలడా, అనుకున్నది మొదలుపెట్టగలడా, తనలో లోపం ఉందని తనకి తెలుసా.

ఒక్క పరీక్ష చెప్తాను. పదిహేను మాటలు చదివి వినిపిస్తారు, తిరిగి చెప్పమంటారు. అలా అయిదుసార్లు. వేరే పనులేవో చేయించి, అరగంట తర్వాత మళ్ళీ అడుగుతారు. అన్నయ్యకి ఆ రెండోసారి మూడే వచ్చాయి. ఇక్కడ ఆపేస్తే "మతిమరుపు" అని రాసి సంతకం పెట్టొచ్చు. కానీ ఆవిడ ఆపలేదు. ఒక జాబితా వినిపిస్తూ "ఇందులో ఇందాక విన్నవేవి?" అని అడిగింది. పదమూడు గుర్తుపట్టాడు! అంటే మాటలు లోపలికి వెళ్ళాయి, ఉన్నాయి కూడా. తనంతట తాను బయటికి తీయలేకపోతున్నాడు. గోడౌన్‌లో సరుకుంది, తలుపు దగ్గర పిలిచేవాడు లేడు.

ఈ తేడా మీదే చికిత్స మొత్తం ఆధారపడుతుంది. సరుకే లేనివాడికి గుర్తుచేసి లాభం లేదు, ప్రతిదీ రాసి ఉంచాల్సిందే, పనిని తప్పు జరగకుండా కొద్దికొద్దిగా అలవాటు చేయించాల్సిందే. సరుకుండి తియ్యలేనివాడికి చిన్న సూచన చాలు. బయట నించి చూస్తే ఇద్దరూ మేత కట్టడం మర్చిపోయినవాళ్ళే. ఇద్దరికీ ఒకటే తిట్లు. లోపల కథ వేరు, చెయ్యాల్సింది వేరు. దీన్ని కుదింపు అంటే ఎలా? "బద్ధకస్తుడు" అన్న ఒక్క మాటలోకి మనిషిని కుదించింది మేమే, పరీక్ష కాదు. పరీక్ష ఆ ముద్దని విప్పింది.

అయితే నేను పరీక్షలకి భజన చెయ్యడానికీ రాలేదు. అన్నయ్యకి మొదటి పరీక్ష ఇది కాదు. అంతకుముందు ఒక పెద్ద ఊళ్ళో ఒకచోట చేయించాం. అక్కడ ప్రశ్నలు సగం ఇంగ్లీషు, సగం పాఠ్యపుస్తకం తెలుగు. "ఈ రెంటికీ గల సామ్యమేమి?" అంటే అన్నయ్య బిక్కమొహం వేశాడు. చివర్లో ఆరు పేజీల రిపోర్టు, అంతా ఇంగ్లీషు, అడుగున పర్సెంటైల్. వివరించమని అడిగితే "మీ డాక్టరుకి చూపించండి". డాక్టరు ఫైల్లో పెట్టేశాడు. అయిదువేల రూపాయలు, ఒక రోజు కూలి, బస్సు చార్జీలు, చేతిలో ఒక ఫైలు. మెదడుకి మార్కులంటే అసహ్యపడే మిత్రుడి కోపం ఇలాంటి చోట న్యాయమే. కానీ ఆ కోపం చెడ్డ పరీక్ష మీద ఉండాలి, పరీక్ష మీద కాదు.

ఈ గొడవ కొత్తదీ కాదు. 1931, 32 సంవత్సరాల్లో అలెగ్జాండర్ లూరియా ఉజ్బెకిస్తాన్ పల్లెలకి వెళ్ళాడు. గొడ్డలి, రంపం, సుత్తి, దుంగ బొమ్మలు చూపించి ఇందులో చేరనిదేది అని అడిగాడు. దుంగ అని జవాబు రావాలి, మిగతావి పనిముట్లు కాబట్టి. బడి మొహం చూడని రైతులు, దుంగ లేకపోతే గొడ్డలితో ఏం చేస్తాం, నాలుగూ కావాల్సిందే అన్నారు. తెలివి తక్కువా? కాదు, బడి నేర్పే అలవాటు వేరు, బతుకు నేర్పే అలవాటు వేరు. కొల్లేటి లంకలో పడవ, వల, తట్ట, చేప చూపించి అడగండి, అదే జవాబు వస్తుంది. ఆ లూరియానే తర్వాత రెండో ప్రపంచయుద్ధంలో తలకి తూటాలు తగిలిన సైనికుల పునరావాసానికి పనిచేశాడు. అలాంటి ఒక సైనికుడి గురించి ఆయన రాసిన 'ద మ్యాన్ విత్ ఎ షాటర్డ్ వరల్డ్' మన సాహిత్యమిత్రుల అల్మారాల్లో ఉంటుంది. కథలా చదువుతారు. అందులో ఉన్నది కొలత, పాతికేళ్ళ పాటు విడవని కొలత, ఆ మనిషి రాసుకున్న డైరీ పక్కనే.

"తెలుగులో ఇవన్నీ ఎక్కడున్నాయండీ" అనేవాళ్ళకి: ఉన్నాయి. బెంగళూరు నిమ్హాన్స్ 2004లో ప్రచురించిన పరీక్షల సంపుటిలో వయసునీ, ఆడా మగా అన్నదాన్నీ, చదువునీ బట్టి వేరువేరు కొలమానాలున్నాయి. పదో తరగతి మనిషిని ఎమ్మేతో పోల్చక్కర్లేదు. ఐసీఎంఆర్ తయారుచేయించిన పరీక్షల పెట్టెలో తెలుగు ఉంది. హైదరాబాదు నిమ్స్‌లో సువర్ణ అల్లాడి బృందం డిమెన్షియా ఉన్న 648 మంది మీద చేసిన అధ్యయనం 2013లో వచ్చింది. రెండు భాషలు మాట్లాడేవాళ్ళకి ఆ జబ్బు నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా మొదలైందనీ, చదువురాని వాళ్ళలోనూ ఆ తేడా ఉందనీ తేలింది. ప్రపంచమంతా ఉదహరించే పని అది, మన భాషలు మాట్లాడే మనుషుల మీద జరిగింది. కాబట్టి భాష అడ్డు కాదు. హైదరాబాదులో ఉన్నది ఏలూరు దాకా రాకపోవడం అడ్డు.

వచ్చినా, గదిలో పరీక్ష ఒక్కటే చాలదు. 1991లో షాలిస్, బర్జెస్ అనే ఇద్దరు, మెదడు ముందుభాగం దెబ్బతిన్న ముగ్గురి గురించి రాశారు. బల్ల ముందు కూచోబెడితే ఆ ముగ్గురూ చాలా పరీక్షల్లో బాగానే చేశారు. బజారుకి పంపి, కొన్ని చిన్న పనులు, కొన్ని నియమాలు చెప్పి, చేసుకు రమ్మంటే తడబడిపోయారు. అన్నయ్యకి రెండోసారి పరీక్ష చేసినావిడకి ఈ సంగతి తెలుసు. గదిలో పని అయ్యాక వదినని అడిగింది: "పొద్దున లేచినప్పట్నించి పడుకునేదాకా ఏం చేస్తాడో చెప్పమ్మా." ఏడాదిన్నరలో ఆ ప్రశ్న వేసిన మొదటి మనిషి. వదిన గంటసేపు చెప్పింది. చెప్తూ ఏడ్చింది. తర్వాత ఆవిడ మా చేత ఒక పని చేయించింది. అన్నయ్యని తాడేపల్లిగూడెం ఉల్లి మార్కెట్‌కి తీసుకెళ్ళి, మూడు కొట్లలో ధరలు కనుక్కోవడం, ఒక బస్తా బేరమాడటం, పదకొండింటికి ఫోన్ చెయ్యడం, దారిలో మందులు కొనడం, ఈ నాలుగూ అప్పజెప్పమంది. ఎవరూ గుర్తుచెయ్యకూడదు, వెనకే నడిచి రాసుకోవాలి. లారీలు, హమాలీలు, కేకలు. బేరం బ్రహ్మాండంగా ఆడాడు. ధర ఒక్క కొట్లోనే అడిగాడు. ఫోన్ లేదు, మందులు లేవు. బల్ల దగ్గర దొరకనిది అక్కడ దొరికింది: చప్పుడు, జనం ఉంటే పని వరస చెదిరిపోతోంది. బేరం మాత్రం చెక్కుచెదరలేదు.

ఆ తర్వాత ఆవిడ రాసింది ఒకటే పేజీ, తెలుగులో. ఫోన్లో రెండు అలారాలు. మేత షెడ్డు గోడకి నల్లబల్ల, సంచి కట్టగానే సుద్దముక్కతో గీత. గీత లేకపోతేనే కట్టాలి. ఒకసారికి ఒక్క పనే చెప్పాలి. కోపం వచ్చినప్పుడు వాదించొద్దు, అవతలికి వెళ్ళిపోవాలి, అది దెబ్బ తాలూకు కోపం. అన్నిటికన్నా ముఖ్యం, ఆ పేజీని అన్నయ్య ముందే, మా అందరి ముందు చదివి, "ఈయన నటించట్లేదు" అంది. పెద్దత్త తల దించుకుంది.

ఇందులో అద్భుతమేమీ లేదు. అన్నయ్య పాత అన్నయ్య కాలేదు. పది చెరువుల గుమాస్తా ఇప్పుడు రెండు చెరువులే చూస్తాడు, జీతం సగం. కానీ మన కథలకీ సినిమాలకీ అద్భుతాలే కావాలి. 'వసంత కోకిల'లో తలకి దెబ్బ తగిలిన అమ్మాయి చిన్నపిల్లయిపోతుంది, నాటువైద్యుడి మందుతో గతమంతా తిరిగొస్తుంది. 'గజిని'లో పావుగంట జ్ఞాపకంతోనే హీరో పగ తీర్చుకుంటాడు. చూశాం, ఏడ్చాం, ఈలలు వేశాం. మనకి మిగిలిన పాఠం ఏంటంటే తలదెబ్బంటే గతం మర్చిపోవడమని. అసలు జరిగేది తిరగబడి ఉంటుంది. చాలామందికి గతం భద్రంగానే ఉంటుంది, ఇవాళ్టి పొద్దున పోతుంది. ఓపిక పోతుంది, చొరవ పోతుంది. ఆ మనిషి గురించి కథ ఎవరు రాశారు? గుర్తుపట్టే మాట భాషలోకి రాకపోతే ఇంట్లోకీ రాదు. "బద్ధకం", "పొగరు", "గాలి" అనే పాతమాటలే ఉంటాయి.

ఇది ఒక్క ఇంటి సంగతీ కాదు. పదహారో నంబరు హైవే మీద ఏలూరు, తాడేపల్లిగూడెం దాటి రోజూ ఎన్ని బళ్ళు పోతాయో, ఎన్ని పడతాయో ఇక్కడివాళ్ళకి చెప్పక్కర్లేదు. 2020 డిసెంబర్ 5 గుర్తు తెచ్చుకోండి. ఏలూరు వన్‌టౌన్‌లో జనం నిలబడ్డవాళ్ళు నిలబడ్డట్టు మూర్ఛతో పడిపోయారు. కొద్దిరోజుల్లో అయిదువందల మందికి పైగా ఆస్పత్రికి వచ్చారు, పిల్లలు కూడా. ఎయిమ్స్ పరీక్షల్లో కొందరి రక్తంలో సీసం, నికెల్ కనిపించాయి. తర్వాత పురుగుమందుల మాట వచ్చింది. రోజూ బులెటిన్ ఇచ్చారు: ఎంతమంది చేరారు, ఎంతమంది ఇంటికెళ్ళారు, చనిపోయింది ఒకరు. చాలామంది ఒకట్రెండు రోజుల్లోనే ఇంటికెళ్ళారు కాబట్టి ఊరు ఊపిరి పీల్చుకుంది. ఇంటికెళ్ళడం బాగవడం ఒకటే అనుకునే అలవాటు అది. సీసం పిల్లల మెదడుకి చేసే చెరుపు కాలూ చేతుల్లో కనపడదు, శ్రద్ధలో, చదువులో, ఆర్నెల్లకో ఏడాదికో కనపడుతుంది. అలాంటి బులెటిన్‌లో నాలుగో గడి ఒకటి ఉండాలి: ఎంతమందిని మళ్ళీ పిలిచి బుద్ధి పనితీరు చూశారు?

అడిగేది పెద్ద కోరిక కాదు. ఏలూరులో ఇప్పుడు ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఉంది, జిల్లాల్లో మానసిక ఆరోగ్య కార్యక్రమం ఉంది, అందులో క్లినికల్ సైకాలజిస్టు ఉండాలని కాగితం మీద రాసే ఉంది. తలదెబ్బతో చేరిన ప్రతి మనిషినీ ఇంటికి పంపేముందు ఒకసారి, మూడు నెలలకి ఒకసారి, తెలుగులో, అతని చదువుకి తగ్గ కొలతతో చూడాలి. రిపోర్టు చివరి పేజీ తెలుగులో, ఇంటావిడకి అర్థమయ్యేట్టు ఉండాలి. సర్టిఫికెట్టు ఫారంలో ఒక గడి పెట్టాలి. అంతదాకా మీ ఇంట్లో ఎవరికైనా తలకి దెబ్బ తగిలి, "అంతా బాగానే ఉంది" అని పంపించేస్తుంటే, అక్కడే నిలబడి అడగండి: ఏం బాగుంది? కొత్త సంగతి గుర్తుంటుందా? డబ్బు అప్పజెప్పొచ్చా? బండి నడపొచ్చా? మళ్ళీ ఎప్పుడు చూస్తారు? ఎవరు చూస్తారు?

మొన్న సంక్రాంతికి వెళ్ళినప్పుడు చెరువు గట్టు మీద నించున్నాం. అన్నయ్య నన్ను అడిగాడు, "మేత కట్టించానా?" అని. వదిన లోపల్నించి, "నన్నడక్కండి, బల్ల చూడండి" అంది. వెళ్ళి చూసొచ్చాడు. గీత ఉంది. వచ్చి పక్కన కూచుని, పాత ధరలు చెప్పడం మొదలెట్టాడు.